నాటకానికి ల్యాప్‌టాప్‌ను డిజిటల్ మిక్సర్‌కి కలపడం: కేబుల్ పెట్టినా శబ్దం ఎందుకు రాలేదంటే

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇది. నాటకానికి నేపథ్య సంగీతం, ఎఫెక్టులు ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ జాక్ నుంచి పాత అనలాగ్ మిక్సర్‌లోకి పంపేవారు. ఈసారి ఆడబోయే హాల్లో బెరింగర్ ఎక్స్32 అనే డిజిటల్ మిక్సర్ ఉంది. యూఎస్‌బీ కేబుల్ పెడితే ఏమీ వినపడలేదు. పాత జాక్ కేబులే పెడితే గుయ్యిమని హమ్ వచ్చింది, పైగా పాటలో గొంతు మాయమైపోయి వాయిద్యాలు మాత్రమే వినిపించాయి. ప్రదర్శనకి పది రోజులే ఉంది, దేన్ని నమ్ముకోవాలి అని అడిగారు.

యూఎస్‌బీనే నమ్ముకోండి. బహుశా మీ కేబుల్‌కి ఏమీ కాలేదు, మిక్సర్‌కీ ఏమీ కాలేదు. శబ్దం మిక్సర్ గుమ్మం దాకా వచ్చి నిలబడింది, లోపలికి పిలిచినవాళ్లు లేరు, అంతే. అనలాగ్ మిక్సర్‌లో ఏ సాకెట్‌లో పెడితే దాని కింద ఫేడర్‌లో (శబ్దం పెంచే, తగ్గించే జారుడు మీటలో) శబ్దం వస్తుంది. డిజిటల్‌లో సాకెట్‌కీ ఫేడర్‌కీ పుట్టుకతో వచ్చిన చుట్టరికం ఏమీ లేదు. ఎవరు ఎక్కడికి రావాలో మనం చెప్పాలి. దాన్నే రూటింగ్ అంటారు. కొత్తగా డిజిటల్‌కి మారిన వాళ్లలో చాలామంది మొదటి రోజు పోగొట్టుకునేది ఇక్కడే.

దానికంటే ముందు ఆ మాయమైన గొంతు సంగతి చెప్పేస్తాను. అది మళ్లీ మళ్లీ జరిగే తప్పు, కారణం తెలిస్తే జన్మలో మళ్లీ చేయరు.

3.5 మిల్లీమీటర్ల స్టీరియో జాక్‌ని దగ్గరగా చూడండి. రెండు నల్ల గీతలు, వాటి మధ్య మూడు లోహపు ముక్కలు. కొసన ఉన్నది ఎడమ చానల్, మధ్య ఉంగరం కుడి చానల్, మొదట్లో ఉన్నది గ్రౌండ్. మైకు కేబుల్‌కి ఉండే ఎక్స్ఎల్ఆర్‌లోనూ మూడే పిన్నులు. 1 గ్రౌండ్, 2 హాట్, 3 కోల్డ్. మూడుకి మూడు సరిపోయాయి కదా అని ఎవరో ఒకరు నేరుగా కలిపేసి కేబుల్ చేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ చేసే పనేమిటంటే, 2లో ఉన్నదాంట్లోంచి 3లో ఉన్నదాన్ని తీసేయడం. దారిలో రెండు తీగలకీ సమానంగా అంటిన చెత్త పోవాలని ఆ ఏర్పాటు. మీరు 2కి ఎడమ, 3కి కుడి ఇచ్చారు. అది ఎడమలోంచి కుడిని తీసేసింది. గాయకుడి గొంతు మామూలుగా రెండు వైపులా సమానంగా ఉంటుంది, కాబట్టి సున్నా అయిపోయింది. పక్కలకి జరిపి రికార్డు చేసిన వాయిద్యాలూ, గొంతు వెనక ఉండే రివర్బ్ తోకా మిగిలాయి.

ఒక పౌరాణిక నాటకంలో నేనిది కళ్లారా చూశాను. అశరీరవాణి డైలాగు ముందే రికార్డు చేసి పెట్టుకున్నారు, అది మోనో. ల్యాప్‌టాప్‌లో మీటర్ ఎగురుతోంది, ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతూనే ఉన్నాడు, హాల్లో చడీచప్పుడూ లేదు. రాజు పాత్రధారి ఆకాశం వైపు చూస్తూ చాలాసేపు నిలబడి, చివరికి ఆ మాట తనే చెప్పుకున్నాడు. అంతకుముందు వేసిన స్టీరియో పాట మాత్రం ఎంతో కొంత వచ్చింది కాబట్టి కేబుల్ మీద ఎవరికీ అనుమానం రాలేదు.

జాక్ నుంచే పంపాల్సి వస్తే మధ్యలో స్టీరియో డీఐ బాక్స్ (జాక్ శబ్దాన్ని మైకు ఇన్‌పుట్‌కి సరిపడేలా మార్చే డబ్బా) పెట్టండి. జాక్ నుంచి ఎడమ, కుడి విడివిడిగా రెండు ప్లగ్గులుగా చీలే కేబుల్ డీఐలోకి, డీఐ నుంచి రెండు మైకు కేబుళ్లు మిక్సర్‌లోకి. గుయ్యిమనే శబ్దం ఎక్కువ సార్లు వచ్చేది ల్యాప్‌టాప్ ఛార్జర్ వల్ల. ఛార్జర్ పీకి చూడండి, హమ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూపే (ఎర్త్ రెండు దారుల్లో కలిసి చుట్టు పడడం). లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది, దాన్ని నొక్కితే చాలావరకు పోతుంది. ఛార్జర్ ప్లగ్గుకి ఉన్న ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హమ్ తగ్గించే మహానుభావులు కొందరుంటారు. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకండి, అది ప్రాణాల మీదికి తెచ్చే పని. ఇంకొక్క మాట. ఆ చానల్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకులకి మిక్సర్ పంపే కరెంటు) ఆఫ్‌లో ఉందో లేదో చూసుకున్నాకే కేబుల్ పెట్టండి. డీఐ లేకుండా నేరుగా పెట్టినప్పుడు ఆ వోల్టేజీ ల్యాప్‌టాప్ జాక్‌లోకి ఎదురెక్కే ప్రమాదం ఉంది.

ఇక అసలు దారి, యూఎస్‌బీ. ఎక్స్32 మీద యూఎస్‌బీ సాకెట్లు ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉంటాయి. పై ప్యానెల్ మీద ఉన్న చదునైనది పెన్‌డ్రైవ్ కోసం, దానికీ ల్యాప్‌టాప్‌కీ సంబంధం లేదు. మనకి కావలసింది వెనక వైపు విస్తరణ కార్డు మీద ఉన్న చతురస్రాకారపు సాకెట్. పాతకాలం ప్రింటర్లకి వాడే కేబుల్ అక్కడ సరిపోతుంది. పొడవు 5 మీటర్లు దాటనివ్వకండి. మధ్యలో మౌసూ పెన్‌డ్రైవూ అన్నీ వేలాడే హబ్ వద్దు, నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. ఈ సాకెట్‌కి లాక్ ఉండదు. ఎవరి కాలో తగిలితే ఊడిపోతుంది. అందుకని కేబుల్‌ని బల్లకి ఒక చుట్టు చుట్టి టేప్ వేస్తే, లాగినప్పుడు ఆ బరువు టేపు మీద పడుతుంది, సాకెట్ మీద పడదు.

ఇది పెట్టాక ల్యాప్‌టాప్ దృష్టిలో మిక్సర్ అంటే ఒక పెద్ద సౌండ్‌కార్డు. 32 చానళ్లు పంపొచ్చు, 32 తీసుకోవచ్చు. మ్యాక్ అయితే డ్రైవర్ లేకుండానే గుర్తిస్తుంది. విండోస్ అయితే తయారీదారు వెబ్‌సైట్ నుంచి ఆసియో డ్రైవర్ (సాఫ్ట్‌వేర్ నేరుగా మిక్సర్‌తో మాట్లాడేందుకు వేసేది) తెచ్చి వేసుకోవాలి. డ్రైవర్ వేయకుండా గంటల తరబడి తిప్పలు పడ్డవాళ్లని చూశాను. డ్రైవర్ వేసుకున్నాక మీ క్యూలు (నాటకంలో సమయానికి వదలాల్సిన శబ్దాలు) నడిపే సాఫ్ట్‌వేర్‌లో అవుట్‌పుట్ పరికరంగా ఆ ఆసియో పేరునే ఎంచుకోండి. అప్పుడే అన్ని చానళ్లూ విడివిడిగా కనిపిస్తాయి. మిక్సర్ సెటప్ పేజీలో కార్డ్ అనే చోట ఎన్ని చానళ్లు కావాలో ఎంచుకోవచ్చు: 32, 16, 8 లేదా 2. ఎవరైనా దాన్ని 2 మీద పెట్టి వెళ్లిపోయి ఉంటే మీకు రెండే కనిపిస్తాయి. హాళ్లలో మిక్సర్ నలుగురి చేతులూ మారుతుంది, కాబట్టి ఏదీ ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉందనుకోకండి.

ఇప్పుడు రూటింగ్. రూటింగ్ పేజీలో ఇన్‌పుట్స్ తెరిస్తే 1 నుంచి 8, 9 నుంచి 16 అని ఎనిమిదేసి చానళ్ల గుంపులు కనిపిస్తాయి. ఒక్కో గుంపుకి ఎక్కడి నుంచి రావాలో చెప్పాలి: వెనక ఉన్న మైకు సాకెట్లా, స్టేజీ బాక్సా (స్టేజీ మీద పెట్టే సాకెట్ల పెట్టె), కార్డా. చాలామంది 25 నుంచి 32 గుంపుని కార్డుకి ఇస్తారు. పని అవుతుంది గానీ ఎనిమిది మైకు చానళ్లు దానికే పోతాయి. నాటకానికి అంతకంటే మంచి పద్ధతి ఉంది. అదే పేజీలో ఆక్స్ ఇన్ అనే వరస ఉంటుంది. దాన్ని కార్డ్ 1 నుంచి 4 అని పెట్టండి. అప్పుడు ల్యాప్‌టాప్ నుంచి వచ్చే మొదటి నాలుగు చానళ్లూ ఆక్స్ 1, 2, 3, 4 ఫేడర్ల మీదికి వస్తాయి. 32 మైకు చానళ్లూ మైకులకే మిగులుతాయి. ఆక్స్ చానళ్లలో కంప్రెసర్, గేట్ ఉండవు, ఈక్వలైజర్ మాత్రమే ఉంటుంది. ముందే తయారు చేసుకున్న సంగీతానికి అవి అవసరమూ లేదు. ఆరు చానళ్లు ఇచ్చే వీలున్నా నాలుగే ఎందుకన్నానంటే, ఆక్స్ 5, 6 అప్పుడు వెనకనున్న మామూలు జాక్‌లకే ఉండిపోతాయి. వాటితో తర్వాత పనుంది.

రూటింగ్ చేశాక కూడా శబ్దం రాకపోతే కంగారుగా అన్నీ తిప్పేయకండి. శబ్దం నడిచే దారిలోనే మీరూ నడవండి. ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో మీటర్ కదులుతోందా? కదిలితే, ఆక్స్ 1 చానల్ సెలెక్ట్ చేసి మిక్సర్‌లో మీటర్ చూడండి. అక్కడ కదలకపోతే తప్పు డ్రైవర్‌లోనో రూటింగ్‌లోనో. అక్కడ కదిలి హాల్లో రాకపోతే మ్యూట్, ఫేడర్, లేదా ఆ చానల్‌ని మెయిన్ ఎల్ఆర్‌కి, అంటే హాలు పెద్ద స్పీకర్లకి, కలిపే బటన్. ఏ రెండు మెట్ల మధ్య ఆగిందో తెలిస్తే వెతకాల్సిన చోటు అరచేయంత అవుతుంది.

శాంపిల్ రేట్ (శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) గురించి తప్పకుండా చెప్పాలి. ఎక్స్32 44.1 మీద గానీ 48 కిలోహెర్ట్జ్ మీద గానీ నడుస్తుంది. 48 పెట్టండి, క్లాక్ ఇంటర్నల్ అని ఉంచండి, అంటే తాళం వేసేది మిక్సరే. ల్యాప్‌టాప్‌లోనూ 48 పెట్టండి. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో, విండోస్‌లో డ్రైవర్ ప్యానెల్‌లో అది కనిపిస్తుంది. రెండు చోట్లా లెక్క కలవకపోతే ఒక్కోసారి శబ్దమే రాదు, ఒక్కోసారి చిటచిటలు వస్తాయి. 44.1లో ఉన్న ఫైలుని మార్చకుండా 48 వేగంతో చదివితే పాట దాదాపు 9 శాతం వేగంగా పరిగెత్తుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ పైకి పోతుంది. ట్రాక్ మీద ఎవరూ పాడకపోతే ప్రేక్షకులకి తెలియకపోవచ్చు. స్టేజీ మీద నటుడు దాంతో పాటు పద్యం అందుకుంటే మాత్రం పరువు పోతుంది.

ఫైళ్లన్నీ 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లుగా మార్చుకుని పెట్టుకోండి. ఎంపీ3లో నాణ్యత గొడవ కంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. ఎంపీ3గా మార్చినప్పుడు ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. వాన శబ్దాన్ని లూప్‌లో పెడితే చుట్టుకొకసారి వానకి వెక్కిళ్లు వస్తాయి. తుపాకీ పేలుడు లాంటి వాటికి ముందున్న ఖాళీని ఎడిటర్‌లో కత్తిరించేయండి. మీట నొక్కగానే పేలాలి.

శబ్దం స్థాయి దగ్గర పాత అలవాటు ఒకటి వదులుకోవాలి. యూఎస్‌బీలో వచ్చేదానికి ప్రీయాంప్ లేదు, కాబట్టి మైకుకి పెంచినట్టు గెయిన్ పెంచడం ఉండదు. చానల్‌లో ట్రిమ్ మాత్రం ఉంటుంది, 18 డెసిబెల్స్ పైకీ కిందకీ. సాఫ్ట్‌వేర్‌లో సంగీతం శిఖరాలు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆడేలా సర్దుకుని, మిక్సర్‌లో ఫేడర్ సున్నా గీత దగ్గర ఉన్నప్పుడు హాల్లో సరిపడా వినిపించేలా ట్రిమ్ చూసుకోండి. ఫేడర్ ఆ గీత చుట్టుపక్కల ఉంటే వేలు కొద్దిగా కదిపితే శబ్దం కొద్దిగానే మారుతుంది. అడుగున ఉంటే వెంట్రుకవాసి కదిపినా గభాలున పెరుగుతుంది. నిద్రపోతున్న పాప సీనులో జోల మెల్లగా తగ్గించాలంటే ఆ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు నాలుగు చానళ్లు ఎందుకన్నది. ఇన్నాళ్లూ అన్నీ ఒకే స్టీరియోలో వెళ్లేవి. ఫోన్ మోగినా, ఉరుము ఉరిమినా, విషాద రాగం వచ్చినా ఒకే రెండు పెద్ద స్పీకర్లు. యూఎస్‌బీ ఇచ్చే అసలు వరం విడగొట్టుకోవడమే. 1, 2 సంగీతానికి ఉంచండి. 3ని స్టేజీ మీది చిన్న స్పీకర్‌కి ఇవ్వండి, 4ని హాలు వెనక స్పీకర్‌కి.

బల్ల మీద ఫోన్ ఉందనుకోండి. ఆ బల్ల కింద, గుడ్డ చాటున చిన్న పవర్డ్ స్పీకర్ పెట్టండి. ఆక్స్ 3 చానల్‌ని మెయిన్ ఎల్ఆర్ నుంచి తప్పించి, ఒక బస్సుకి (మిక్సర్ లోపల శబ్దాన్ని విడిగా తీసుకెళ్లే దారికి) పంపి, ఆ బస్సుని ఖాళీగా ఉన్న అవుట్‌పుట్‌కి కలిపి, అక్కడి నుంచి ఆ స్పీకర్‌కి కేబుల్ లాగండి. సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ రింగుకి అవుట్‌పుట్ 3 మాత్రమే ఎంచుకోండి. రింగు మోగినప్పుడు ముందు వరసలో వాళ్ల తలలు ఒక్కసారి బల్ల వైపు తిరుగుతాయి. ఆ తలలు తిరగడం చూశాక మళ్లీ పెద్ద స్పీకర్లలో ఫోన్ మోగించబుద్ధి కాదు. నటి రిసీవర్ ఎత్తిన క్షణంలో రింగు తెగిపోవాలి, కాబట్టి రింగు క్యూ వెంటనే దాన్ని ఆపే క్యూ ఉండాలి. ఫేడ్ అక్కర్లేదు, ఫోన్లు ఫేడ్ అవుతూ ఆగవు. మీ వేలు ఆ మీట మీద, కన్ను ఆమె చేతి మీద ఉండాలి.

సాఫ్ట్‌వేర్ ఏదన్నది మీ ల్యాప్‌టాప్‌ని బట్టి. క్యూల్యాబ్ మ్యాక్‌లో మాత్రమే నడుస్తుంది. ఉచితంగా దొరికే రూపంలో రెండు అవుట్‌పుట్ చానళ్లే ఇస్తుంది, నాలుగు కావాలంటే లైసెన్సు తీసుకోవాలి. విండోస్‌లో మల్టీప్లే, షో క్యూ సిస్టమ్స్ ఉన్నాయి. లినక్స్ వాళ్లకి లినక్స్ షో ప్లేయర్ ఉంది. మామూలు మ్యూజిక్ ప్లేయర్‌తో నాటకం నడపకండి. ఒక పాట అవగానే తర్వాతి పాట తనంతట తనే మొదలవుతుంది.

బఫర్ సైజు (ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో పోగేసి పంపే శాంపిళ్ల లెక్క) విషయంలో సంగీతం రికార్డు చేసేవాళ్ల సలహాలు వినొద్దు. వాళ్లకి ఆలస్యం తగ్గాలి, మీకు చిటచిటలు రాకూడదు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్లు అంటే దాదాపు 21 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అంటే మీరు స్పీకర్ నుంచి ఏడు మీటర్లు వెనక్కి జరిగినంత ఆలస్యం. క్యూ లైటు చూసి మీట నొక్కడానికి మీ వేలు తీసుకునే టైము దానికి ఎన్నో రెట్లు. నిశ్చింతగా 512 గానీ 1024 గానీ పెట్టేయండి.

ల్యాప్‌టాప్‌ని నాటకానికి సిద్ధం చేయడం మీద మాత్రం ఒక సాయంత్రం ఖర్చు పెట్టండి. మిక్సర్ కలపగానే విండోస్ దాన్నే తన మామూలు సౌండ్ పరికరంగా పెట్టేసుకోవచ్చు. అంటే సిస్టమ్ చేసే ప్రతి చప్పుడూ హాల్లోకి వెళ్తుంది. నాకిది తగిలింది. తండ్రి శవం పక్కన కొడుకు కూర్చున్న సీను, హాలంతా ఊపిరి బిగబట్టి ఉంది, అప్పుడు నా ల్యాప్‌టాప్‌కి ఒక మెయిల్ వచ్చింది. టింగుమన్న ఆ చప్పుడు ఒక్కొక్కటీ నిలువెత్తున్న రెండు స్పీకర్లలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. ప్రేక్షకుల్లో ఎవరో నవ్వారు, ఆ నవ్వు పాకింది. ఆ రోజు నుంచి సిస్టమ్ సౌండ్లని ల్యాప్‌టాప్ సొంత స్పీకర్‌కే కట్టేసి దాన్ని మ్యూట్ చేస్తాను. మిక్సర్‌ని వాడుకునే హక్కు క్యూ సాఫ్ట్‌వేర్ ఒక్కదానికే. వైఫై, బ్లూటూత్ ఆఫ్. నిద్రలోకి జారుకోవడం, స్క్రీన్ సేవర్, యూఎస్‌బీ పోర్టుకి కరెంటు ఆపేసే పొదుపు సెట్టింగు, అప్‌డేట్లు, క్లౌడ్ బ్యాకప్ అన్నీ ఆపాలి. ఛార్జర్ పెట్టే ఉంచండి, చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు వేగం తగ్గించుకుంటాయి. ఇయర్‌ఫోన్ జాక్ అంతగా యూఎస్‌బీ హమ్ చేయదు.

రెండో కేబుల్ సంగతి కూడా అడుగుతారని తెలుసు: ల్యాప్‌టాప్ నుంచే మిక్సర్‌ని నడపొచ్చా? నడపొచ్చు. శబ్దం వెళ్లే దారి వేరు, ఆజ్ఞలు వెళ్లే దారి వేరు. ఎక్స్32 వెనక రిమోట్ కంట్రోల్ కోసం ఈథర్నెట్ పోర్టు ఉంటుంది. ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ ఒకే వరసలో ఐపీ చిరునామాలు ఇచ్చి, క్యూ సాఫ్ట్‌వేర్ నుంచి ఓఎస్‌సీ సందేశాలు (నెట్‌వర్క్ మీదుగా వెళ్లే ఆజ్ఞలు) 10023 పోర్టుకి పంపితే మిక్సర్ మ్యూట్లు తీస్తుంది, ఫేడర్లు కదుపుతుంది, సీన్లు (నాటకం సీన్లు కాదు, మిక్సర్‌లో సేవ్ చేసుకున్న సెట్టింగులు) మారుస్తుంది. యూఎస్‌బీ మీదుగా మిడి ప్రోగ్రామ్ చేంజ్ పంపి కూడా సీన్లు మార్చొచ్చు. పక్కనే ఏఈఎస్50 అని రాసున్న రెండు సాకెట్లు అచ్చం నెట్‌వర్క్ సాకెట్లలాగే ఉంటాయి. అవి స్టేజీ బాక్సుల కోసం. రౌటర్‌ని గానీ స్విచ్‌ని గానీ వాటికి పెట్టకండి.

కానీ పది రోజుల్లో ప్రదర్శన పెట్టుకుని మీరు ఈ రెండో దారి జోలికి వెళ్లొద్దనే అంటాను. మైకుల మ్యూట్లు చేత్తోనే చేయండి. ఒకవేళ సీన్లు వాడితే ఆక్స్ చానళ్లని సీన్ సేఫ్‌లో, అంటే సీన్ మారినా అవి కదలకుండా, పెట్టండి. లేకపోతే సంగీతం మెల్లగా తగ్గుతున్న సమయంలో సీన్ మారితే, ఆ సీన్ సేవ్ చేసిన రోజు ఫేడర్ ఎక్కడుందో అక్కడికి ఎగిరి కూర్చుంటుంది. రూటింగ్ కూడా సీన్‌లో సేవ్ అవుతుందని మర్చిపోవద్దు. హాలు వాళ్ల పాత సీన్ ఒకటి ఎవరో లోడ్ చేశారంటే మీరు కలిపిన కార్డ్ దారి గల్లంతు. మీ సెట్టింగులన్నీ సరిపోయాక పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చేసుకుని జేబులో పెట్టుకోండి.

రేపు ఇంకో హాల్లో ఇంకో మిక్సర్ తగలొచ్చు. మైడాస్ ఎం32 అయితే ఇదే కుటుంబం, పేజీలు కూడా దాదాపు ఇవే. యమహా టీఎఫ్‌కి యూఎస్‌బీలో 34 చానళ్లు వస్తాయి, విండోస్‌కి వాళ్ల యమహా స్టైన్‌బర్గ్ డ్రైవర్ వేసుకోవాలి. అలెన్ అండ్ హీత్ ఎస్‌క్యూ లోపల 96 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది, అక్కడ శాంపిల్ రేట్ మళ్లీ చూసుకోండి. యమహా క్యూఎల్, సీఎల్ లాంటి వాటిలో నెట్‌వర్క్ కేబుల్ మీద శబ్దం పంపే డాంటే అనే పద్ధతి నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లో డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనుక్కుని వేసుకోవాలి. వైఫై మీద అది పనిచేయదు, తీగ ఉండాల్సిందే. పేర్లు మారతాయి గానీ తర్కం ఇదే: డ్రైవర్, శాంపిల్ రేట్, రూటింగ్, స్థాయి.

మీరు అడగలేదు గానీ, అదే యూఎస్‌బీతో రిహార్సల్‌ని చానల్ చానల్‌గా రికార్డు చేసుకోవచ్చు. 16 మైకులు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అయితే గంటకి 8 జీబీకి పైన పడుతుంది. నటులు ఇంటికి వెళ్లాక ఇన్‌పుట్ గుంపుల్ని మైకు సాకెట్ల నుంచి కార్డుకి మార్చి, ఆ రికార్డింగే వేసుకుంటూ ఒక్కరే కూర్చుని ఈక్వలైజర్లు సర్దుకోవచ్చు. చాలా హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఇన్‌పుట్లు తిరిగి మైకులకి మార్చడం మర్చిపోతే మాత్రం మర్నాడు మైకులన్నీ చచ్చినట్టు పడి ఉంటాయి, ఒక్క మీటరూ కదలదు. నేను ఒకసారి మర్చిపోయి, కేబుళ్లన్నీ మార్పించి, స్టేజీ బాయ్‌ని తిట్టి, చివరికి తప్పు నాదని తెలుసుకున్నాను. ఇప్పుడు ఇన్‌పుట్లు మార్చిన వెంటనే స్క్రీన్ అంచుకి ఎర్ర టేపు ముక్క అంటిస్తాను. టేపు తీయాలంటే ఇన్‌పుట్లు వెనక్కి మార్చాలి.

చివరగా ఆక్స్ 5, 6. వాటికి రెండో ల్యాప్‌టాప్ గానీ ఫోన్ గానీ మామూలు జాక్ కేబుల్‌తో కలిపి, మ్యూట్‌లో ఉంచండి. ఇవి లైన్ ఇన్‌పుట్లు, మైకు స్థాయి ఇచ్చే డీఐ ఇక్కడ సరిపడదు. హమ్ వస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లైన్ ఐసోలేటర్ మధ్యలో పెట్టండి. అందులో మొత్తం క్యూలు అక్కర్లేదు, అవి లేకపోతే నాటకం ఆగిపోయే నాలుగైదు ట్రాకులు చాలు. అది కూడా కుదరకపోతే ఆ ట్రాకుల్నే వేవ్ ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో వేసి మిక్సర్ పై ప్యానెల్ సాకెట్‌లో పెట్టండి. దాన్ని మిక్సరే చదివి ఆక్స్ 7, 8 మీద వినిపిస్తుంది, ల్యాప్‌టాప్‌తో పనే లేదు.

అయితే అది ఉందని తెలియడం వేరు, చేతికి అలవాటవడం వేరు. ఒక రిహార్సల్‌లో మెయిన్ ఫేడర్ బాగా తగ్గించుకుని, సంగీతం మోగుతుండగా యూఎస్‌బీ కేబుల్ కావాలనే పీకేయండి. మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూడండి. కొన్ని గడ్డకట్టినట్టు ఆగిపోతాయి, కొన్ని చడీచప్పుడూ లేకుండా ల్యాప్‌టాప్ స్పీకర్‌కి మారిపోతాయి, కొన్ని కేబుల్ తిరిగి పెట్టినా మూసి తెరిస్తే గానీ మిక్సర్‌ని గుర్తుపట్టవు. మీది వీటిలో ఏ రకమో తెలుసుకోండి. తర్వాత ఆక్స్ 5, 6 మ్యూట్ తీసి అదే ట్రాకు వినిపించడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మీ పక్కన కూర్చున్నవాళ్లని లెక్కపెట్టమనండి. మొదటిసారి నాకు ఇరవై దాటింది. నాలుగోసారికి ఐదైంది. మీకూ ఐదు వచ్చేదాకా పీకుతూ ఉండండి.